ఒకే లోహం: దీపానికీ అదే, బాంబుకూ అదే

భారతదేశపు దక్షిణ కొస కన్యాకుమారి అని చాలామంది అనుకుంటారు. ప్రధాన భూభాగం వరకే ఆ మాట నిజం. దేశం కొస అండమాన్ నికోబార్ దీవుల్లో, గ్రేట్ నికోబార్ దక్షిణ తీరాన ఉన్న ఇందిరా పాయింట్. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి అక్కడి నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, దీపస్తంభం పాదం సముద్రంలో మునిగింది. అక్కడి నుంచి సుమారు 160 కిలోమీటర్లు దాటితే ఇండోనేషియా దీవులు మొదలవుతాయి. ఈ కొద్దిపాటి సముద్రం మధ్య పటంలో కనిపించే దేశ సరిహద్దుతో పాటు, పటంలో కనిపించని మరో సరిహద్దు కూడా ఉన్నది.

1995 డిసెంబరు 15న ఆగ్నేయాసియాకు చెందిన పది దేశాలు బ్యాంకాక్‌లో ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. అణ్వస్త్రాలను తయారు చేయబోమని, దగ్గర ఉంచుకోబోమని, తమ ప్రాంతంలో పరీక్షించనివ్వబోమని ఆ దేశాలు ప్రతిజ్ఞ చేశాయి. ఒప్పందం 1997 మార్చిలో అమలులోకి వచ్చింది. అండమాన్ నికోబార్ దీవులకు ఉత్తరాన ఉన్న మయన్మార్, తూర్పున ఉన్న థాయిలాండ్, దక్షిణాన ఉన్న ఇండోనేషియా మూడూ అందులో భాగస్వాములే. మరుసటి ఏడాది, 1998 మేలో, భారత్ పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపి తాను అణ్వస్త్ర దేశమని ప్రకటించుకున్నది. ఆ విధంగా అణ్వస్త్ర రహిత మండలానికీ, అణ్వస్త్రాలు గల దేశానికీ నడుమ ఈ దీవులు నిలిచాయి.

సముద్రం మీద ఈ గీత ఒప్పందంతో ఏర్పడింది. అణ్వస్త్రానికి వాడే పదార్థాల్లో మాత్రం ఇటువంటి గీత ప్రకృతిసిద్ధంగా లేదు. ఇంట్లో దీపం వెలిగించే మూలకమే నగరాన్ని బూడిద చేస్తుంది. తేడా ఎక్కడ వస్తుంది? ఆ మూలకాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ప్రశ్నలకు జవాబు వెదుకుతూ పోతే దారి కడప జిల్లా గనికీ, హైదరాబాద్ మౌలాలీకీ, గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరుకూ చేరుతుంది.

వెయ్యిలో ఏడు పాళ్లు

అణ్వస్త్ర మూలకాల్లో మొదటిది యురేనియం. 1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ దీనిని గుర్తించి, అంతకు ఎనిమిదేళ్ల ముందు కనుగొన్న యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. ఇది అంత అరుదైన లోహమేమీ కాదు. భూమి పైపొరలో వెండి కంటే యురేనియమే ఎక్కువగా ఉన్నది. అయితే గనిలో దొరికే యురేనియం అంతా ఒకే రకం కాదు. ప్రతి వెయ్యి పాళ్లలో 993 పాళ్లు యురేనియం-238. మిగిలిన ఏడు పాళ్లు మాత్రమే యురేనియం-235. ఈ రెండూ రసాయనికంగా ఒక్కటే. కేంద్రకంలో మూడు న్యూట్రాన్లు మాత్రమే తేడా. వీటినే ఐసోటోపులు అంటారు.

న్యూట్రాన్ తగలగానే సులువుగా చీలిపోయి, మరి రెండు మూడు న్యూట్రాన్లను వెదజల్లి, పక్కనున్న కేంద్రకాలను కూడా చీల్చే గుణం ఈ ఏడు పాళ్లకే ఉన్నది. దీనినే గొలుసుకట్టు చర్య అంటారు. దానిని అదుపులో ఉంచి నెమ్మదిగా సాగనిస్తే వేడి పుడుతుంది; ఆ వేడితో నీటిని ఆవిరి చేసి కరెంటు తీయవచ్చు. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా సాగిపోతే అదే విస్ఫోటం.

విదేశాల్లో ఎక్కువగా వాడే సాధారణ నీటి రియాక్టర్లకు యురేనియం-235 పాలు నూటికి మూడు నుంచి ఐదు వరకు ఉండాలి. భారత్‌లోని భారజల రియాక్టర్లు గనిలో దొరికిన పాళ్లతోనే పని చేస్తాయి. బాంబుకు నూటికి 90 పాళ్లు కావాలి. ఈ పాలును పెంచే ప్రక్రియే సంపన్నీకరణ. యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి వాయువుగా మార్చి, అతి వేగంగా గిర్రున తిరిగే గొట్టాల వరుసల్లో పంపుతారు. బరువైన ఐసోటోపు అంచుకు, తేలికైనది మధ్యకు చేరుతుంది. ఇక్కడ సామాన్య పాఠకుడు గమనించవలసిన విషయం ఒకటున్నది. 90 పాళ్లకు చేరడానికి పట్టే శ్రమలో సగానికి పైగా, నాలుగైదు పాళ్లకు చేరేసరికే ముగిసిపోతుంది. కరెంటు కోసం సంపన్నీకరణ కేంద్రం పెట్టుకున్నామని ఏ దేశం చెప్పినా, పొరుగు దేశాలు అనుమానంగా చూడడానికి ఈ లెక్కే కారణం.

1945 ఆగస్టు 6న హిరోషిమాపై వేసిన బాంబులో సుమారు 64 కిలోల సంపన్న యురేనియం ఉన్నది. అందులో చీలింది ఒక కిలోకు అటూ ఇటూ మాత్రమే. ఆ ఒక్క కిలో ఒక నగరాన్ని తుడిచిపెట్టింది.

మనిషి చేసిన మూలకం

రెండవది ప్లుటోనియం. దీనిని గనిలో తవ్వి తీయరు. యురేనియంలో ఎందుకూ పనికిరాదనిపించే 993 పాళ్ల భాగమే రియాక్టర్‌లో న్యూట్రాన్‌ను మింగి, ముందు నెప్ట్యూనియంగా, ఆ తరువాత ప్లుటోనియం-239గా మారుతుంది. 1940 చివర, 1941 ఆరంభంలో అమెరికాలోని బర్కిలీలో గ్లెన్ సీబోర్గ్ బృందం దీనిని మొదటిసారి తయారు చేసి గుర్తించింది. ఐదేళ్లు తిరగకముందే, 1945 జూలై 16న, న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన ప్రపంచపు తొలి అణుపరీక్షకు అదే ఆధారమైంది. ఆగస్టు 9న నాగసాకిపై వేసిన బాంబులోనూ అదే. ఈసారి సుమారు ఆరు కిలోలు సరిపోయాయి.

అంటే ప్రతి యురేనియం రియాక్టర్‌లోనూ, నడిపేవారు కోరినా కోరకపోయినా, ప్లుటోనియం కొంత పుడుతూనే ఉంటుంది. వాడిన ఇంధనం నుంచి రసాయన ప్రక్రియతో దానిని వేరు చేయవచ్చు. భారత్ ఇందుకోసం 1960 దశకం మధ్యలోనే ట్రాంబేలో కర్మాగారాన్ని నెలకొల్పింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిపిన తొలి పరీక్షకు కావలసిన ప్లుటోనియం ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ నుంచి వచ్చింది. ఆ రియాక్టర్‌ను శాంతియుత ప్రయోజనాలకని కెనడా ఇచ్చింది. దానికి కావలసిన భారజలాన్ని అమెరికా ఇచ్చింది. పరీక్ష తరువాత కెనడా సహకారాన్ని నిలిపివేసింది. అణు పరికరాల ఎగుమతులను నియంత్రించే దేశాల కూటమి పుట్టడానికి కూడా ఆ ఘటనే కారణమైంది.

ప్లుటోనియం-239 అర్ధాయువు సుమారు 24 వేల సంవత్సరాలు. ఈనాడు వేరు చేసిన కిలోలో సగం 24 వేల ఏళ్ల తరువాత కూడా మిగిలే ఉంటుంది. ఏ రాజ్యమూ, ఏ ఒప్పందమూ అంతకాలం నిలిచిన దాఖలా చరిత్రలో లేదు.

లోకం లెక్క ఎలా కడుతున్నది? ఒక బాంబు తయారీకి అవకాశం కల్పించగల పరిమాణంగా ప్లుటోనియం అయితే 8 కిలోలను, అధిక సంపన్న యురేనియం అయితే అందులోని 25 కిలోల యురేనియం-235ను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన తనిఖీలకు ప్రమాణంగా పెట్టుకున్నది.

తేలికైన మూలకాల పాత్ర

బరువైన ఈ రెండు లోహాలతోనే కథ ముగియదు. హైడ్రోజన్ బాంబులో తేలికైన కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి శక్తినిస్తాయి. ఇందుకు హైడ్రోజన్ ఐసోటోపులైన డ్యుటీరియం, ట్రిటియం కావాలి. ట్రిటియం అర్ధాయువు 12 సంవత్సరాలకు కాస్త ఎక్కువ. కనుక దానిని వాడే అస్త్రాల్లో కొంతకాలానికొకసారి కొత్త ట్రిటియం నింపవలసి ఉంటుంది. లిథియంపై న్యూట్రాన్లు పడితే ట్రిటియం పుడుతుంది. ఈనాడు సెల్‌ఫోన్ బ్యాటరీల్లో ఉండే లిథియమే ఇది. న్యూట్రాన్లను తిప్పికొట్టే బెరీలియం, 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న పొలోనియం కూడా తొలినాటి బాంబుల్లో చోటు చేసుకున్నాయి.

లిథియం గుణాన్ని తక్కువగా అంచనా వేస్తే ఏమవుతుందో పసిఫిక్ దీవుల ప్రజలు చవిచూశారు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవి వద్ద జరిపిన పరీక్షలో సుమారు ఆరు మెగాటన్నుల శక్తి వెలువడుతుందని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. వెలువడింది 15 మెగాటన్నులు. చర్యలో పాల్గొనదని భావించిన లిథియం-7 కూడా పాల్గొనడమే అందుకు కారణం. రేడియో ధార్మిక ధూళి రాంగెలాప్ దీవి ప్రజలపై, 23 మంది ఉన్న ఒక జపాన్ చేపల పడవపై కురిసింది. పడవలోని రేడియో ఆపరేటర్ ఆ ఏడాది సెప్టెంబరులో మరణించాడు. ఆ ఘోరం నేపథ్యంలోనే 1954 ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ అణుపరీక్షలను నిలిపివేయాలని లోక్‌సభలో ప్రపంచ దేశాలను కోరారు. దీవులంటే జనం తక్కువ, అభ్యంతరం చెప్పేవారు ఉండరనే ధోరణికి బికినీ నేటికీ సాక్ష్యంగా ఉన్నది.

తెలుగునేల వాటా

ఈ మూలకాల చిట్టాను తెలుగు ప్రాంతాల పటంపై పరచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దేశమంతటా అణు ఖనిజాలను అన్వేషించే సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలో ఉన్నది. మౌలాలీలోని అణు ఇంధన సముదాయం 1970 దశకం ఆరంభం నుంచి విద్యుత్ రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారు చేస్తున్నది. ఆ కట్టల తొడుగుకు వాడే జిర్కోనియం మూలాధారం సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్. గోదావరి నీటి నుంచి భారజలాన్ని వేరు చేసే మణుగూరు కర్మాగారం 1991లో ప్రారంభమైంది. మామూలు నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటే డ్యుటీరియం ఉంటుంది. దానిని ఏరి కూర్చడమే అక్కడి పని. భారత భారజలం దక్షిణ కొరియా, అమెరికా వంటి దేశాలకు కూడా ఎగుమతి అయింది. నెల్లూరు అభ్రకపు గనుల ప్రాంతంలో బెరీలియం గల బెరిల్ దొరుకుతుంది. శ్రీకాకుళం నుంచి దక్షిణంగా సాగిన తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఉన్నది. దేశంలోని సుమారు 1.3 కోట్ల టన్నుల మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ వాటా 37 లక్షల టన్నులకు పైగా ఉన్నట్లు అంచనా.

ఇక యురేనియం. వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె గని, శుద్ధి కర్మాగారాలకు 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో అవి ప్రారంభమయ్యాయి. అక్కడ 49 వేల టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని, అవి లక్షన్నర టన్నులకు చేరవచ్చని అణుశక్తి సంఘం నాటి అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ 2011లో ప్రకటించారు. ఆ రోజుల్లో దేశానికి ఇది పెద్ద కబురు. 1974 తరువాతి ఆంక్షల కారణంగా యురేనియం దిగుమతికి దారులు మూసుకుపోయి, 2008 నాటికి దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలు దాదాపు సగం సామర్థ్యంతోనే నడుస్తున్నాయి.

2008 సెప్టెంబరులో అణు సరఫరా దేశాల కూటమి భారత్‌కు మినహాయింపు ఇచ్చింది. ప్రతిగా భారత్ తన అణు కేంద్రాలను పౌర, సైనిక భాగాలుగా విడదీసింది. నాటి 22 విద్యుత్ రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీల కిందకు వచ్చాయి. కజకిస్థాన్, రష్యా వంటి దేశాల నుంచి తెచ్చిన యురేనియాన్ని ఆ రియాక్టర్లలోనే వాడాలి, ప్రతి కిలోకూ లెక్క చెప్పాలి. దేశంలో తవ్విన యురేనియంపై ఆ షరతు లేదు. తుమ్మలపల్లె ఖనిజానికి వ్యూహాత్మక విలువ వచ్చింది ఇందువల్లనే. అక్కడి ఖనిజం బాంబుకే పోతున్నదని దీని అర్థం కాదు. అది విద్యుత్ రియాక్టర్ల ఇంధనానికే ఉద్దేశించినది. ఎటు పంపాలన్న నిర్ణయం మాత్రం పూర్తిగా దేశం చేతిలోనే ఉంటుంది.

ఒక టన్ను రాయి లెక్క

తుమ్మలపల్లె రాతిలో యురేనియం శాతం చాలా తక్కువ. ఒక టన్ను రాయిని పిండి చేస్తే అర కిలో యురేనియం ఆక్సైడ్ కూడా రాదు. అందులో యురేనియం-235 రెండు మూడు గ్రాములు మాత్రమే. అంతర్జాతీయ సంస్థ ప్రమాణంగా పెట్టుకున్న 25 కిలోలు కూడాలంటే, ఏ నష్టమూ లేదనుకున్నా, పది వేల టన్నుల రాయి తవ్వాలి. నిజానికి అంతకంటే ఎక్కువే కావాలి.

ఆ రెండు మూడు గ్రాములు పోగా మిగిలిన టన్ను రాయి ఎక్కడికి పోతుంది? బురదగా మారి గని పక్కనే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసివేసినా రేడియం వంటి దాని సంతతి మూలకాలు బురదలోనే ఉండిపోతాయి. ముడిఖనిజంలోని రేడియో ధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాల్లోనే మిగులుతుందని నిపుణులు లెక్కగట్టారు. రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. యురేనియం హైదరాబాద్‌కు వెళ్లిపోతుంది. దాని నీడ ఊళ్లోనే ఉంటుంది.

వ్యర్థాల చెరువుకు చేరువలోని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె తదితర గ్రామాల రైతులు తమ బోర్ల నీరు చెడిపోయిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. తమ చెరువు అందుకు కారణం కాదన్నది యురేనియం కార్పొరేషన్ వాదన. ఇటువంటి వివాదంలో నిజం తేలాలంటే గని తెరవక ముందు నీరు ఎలా ఉన్నది, తెరిచాక ఎలా మారింది అన్న కొలతలు ఊరివారి చేతికి, వారికి అర్థమయ్యే భాషలో అందాలి.

ఇతర చోట్ల ప్రజలు ముందే మేల్కొన్నారు. నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలోని లంబాపూర్-పెద్దగట్టు గని ప్రతిపాదనకు 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. చెంచుల ఆవాసమైన నల్లమలలో అన్వేషణ వద్దంటూ 2019లో పెద్ద ఉద్యమం సాగింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024 చివర కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో బోర్లు వేసే ప్రతిపాదనపై గ్రామస్థులు నిరసన తెలపగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది.

విశాఖ నుంచి సముద్రంలోకి

సంపన్న యురేనియం మరో రూపంలోనూ తెలుగు తీరాన్ని తాకింది. విశాఖపట్నంలో నిర్మించిన అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న జలప్రవేశం చేసి, 2016లో నౌకాదళంలో చేరింది. దాని రియాక్టర్‌లో మండేది సంపన్న యురేనియమే. అణు నిరోధక శక్తిగా అది తొలి గస్తీని ముగించినట్లు 2018 నవంబరులో ప్రధాని ప్రకటించారు. రెండవ జలాంతర్గామి అరిఘాత్ 2024 ఆగస్టులో చేరింది. విశాఖ ముందు పరుచుకున్న బంగాళాఖాతానికి ఆవలి గట్టు అండమాన్ నికోబార్ దీవులు. త్రివిధ దళాలకు ఉమ్మడిగా దేశంలో మొదటి కమాండ్‌ను 2001లో ఏర్పాటు చేసింది కూడా అక్కడే.

స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి భారత్ వద్ద సుమారు 180, ప్రపంచం మొత్తం మీద 12 వేలకు పైగా అణ్వస్త్రాలు ఉన్నాయి. అణ్వస్త్రాన్ని ముందుగా ప్రయోగించబోమని భారత్ 2003 జనవరిలో విధానంగా ప్రకటించింది. ఆ మాట కూడా మనిషి గీసుకున్న గీతే. దానికి కట్టుబడటం మీదే విలువంతా ఆధారపడి ఉన్నది.

గీతలు మారుతున్న కాలం

ఈ గీతలు స్థిరమైనవి కావు. 2023 ఆగస్టులో పార్లమెంటు గనుల చట్టాన్ని సవరించి, అణు ఖనిజాల జాబితాలోని 12 రకాల్లో ఆరింటిని తొలగించింది. లిథియం, బెరీలియం, జిర్కోనియం, టైటానియం, నియోబియం, టాంటలం ఖనిజాలలో ప్రైవేటు సంస్థల తవ్వకాలకు దీంతో మార్గం ఏర్పడింది. బ్యాటరీలకు, విమానాలకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు వీటి అవసరం పెరగడమే కారణమని ప్రభుత్వం చెప్పింది. నిన్నటి వరకు ఆయుధ రహస్యంగా చూసిన ఖనిజం నేడు మార్కెట్ సరుకు అయింది. యురేనియం, థోరియం మాత్రం జాబితాలోనే ఉండిపోయాయి.

మూలకానికి మంచీ చెడూ తెలియదు. ఎంత పాలు సంపన్నం చేయాలి, ఎవరి తనిఖీకి లోబడాలి, వ్యర్థాన్ని ఎవరి గుమ్మంలో ఉంచాలి అన్నవి మనుషులు తీసుకునే నిర్ణయాలు. జాతీయ భద్రత పేరిట కొన్ని వివరాలను గోప్యంగా ఉంచవలసి రావచ్చు. బావి నీటిలో యురేనియం ఎంతున్నదన్నది ఆ వివరాల కోవలోకి రాదు. అంతర్జాతీయ తనిఖీదారులకు కిలోల లెక్క చెప్పగలిగిన దేశం, వేముల మండలంలో బోరు నీరు తాగే రైతుకు గ్రాముల లెక్క చెప్పలేకపోవడానికి కారణం ఉండకూడదు.